పేరు బ్యాంకుది... ఊరు ఎవరిది?

పొద్దున ఏడున్నర గంటలు. ఒక పొయ్యి మీద చట్నీకి పప్పులు వేగుతున్నాయి. ఇంకో పొయ్యి మీద కుక్కరు రెండో విజిల్ వేసింది. జడ వేయమని పిల్ల వెనక్కి తిరిగి నిలబడి ఉంది. సరిగ్గా అప్పుడే కిటికీ గట్టు మీద పెట్టిన ఫోను టింగుమంది. ఒక చేత్తో దువ్వెన, ఇంకో చేత్తో ఫోను. చూస్తే ఈమెయిలు! పైన నాకు ఖాతా ఉన్న బ్యాంకు పేరు, పక్కనే ఆ బ్యాంకు గుర్తు. 'మీ కేవైసీ గడువు ముగిసింది. 24 గంటల్లోగా వివరాలు ఇవ్వకపోతే మీ ఖాతా నిలిపివేయబడుతుంది. ఇక్కడ నొక్కండి' అని చక్కటి తెలుగులో ఉంది.

నిజం చెప్పొద్దూ... నా వేలు ఆ 'ఇక్కడ నొక్కండి' మీదికి వెళ్ళింది. ఆ ఖాతాలో లక్షలేమీ మూలగడం లేదు. కథలకు వచ్చిన పారితోషికాలు, ఇంటి ఖర్చులో మిగుల్చుకున్న నాలుగు డబ్బులు, అంతే. కానీ అచ్చంగా నా పేరు మీద ఉన్న ఖాతా అదొక్కటే. అది ఆగిపోతుందంటే గుండె గుభేలుమంది.

కుక్కరు మూడో విజిల్ వేయబట్టి సరిపోయింది. వెళ్ళి స్టవ్ ఆపి వచ్చేసరికి కంగారు కాస్త తగ్గింది. పోయినేడే కదా, బ్యాంకుకు వెళ్ళి ఆధార్ జిరాక్సు ఇచ్చి సంతకం పెట్టి వచ్చాను! మళ్ళీ ఇదేమిటి? అనుకుని, నొక్కకుండా ఆగాను.

ఆ రోజు నన్ను కాపాడింది నా డిగ్రీ కాదు, మా ఇంటి కుక్కరు. ప్రతిసారీ కుక్కరు కూత వేయదు కదా! అందుకే ఈ దొంగ ఉత్తరాలను ఎలా పోల్చుకోవాలో, పొరపాటు జరిగిపోతే ఏం చేయాలో కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

గాలానికి ఎర మన కంగారే

ఈ మోసాన్ని 'ఫిషింగ్' అంటారు. ఇంగ్లీషులో చేపలు పట్టడమనే మాటనే అక్షరం మార్చి పెట్టిన పేరు. 1990ల మధ్యలో అమెరికాలో, ఇంటర్‌నెట్ ఇళ్ళలోకి అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో ఈ మాట పుట్టింది. కంపెనీవాళ్ళలా నటిస్తూ సందేశం పంపి, పాస్‌వర్డ్ చెప్పించుకునేవారట. ముప్ఫై ఏళ్ళయినా గాలం అదే, ఎర అదే. 'నీది ఏదో పోతోంది' అన్న భయం, లేదా 'నీకు ఏదో వస్తోంది' అన్న ఆశ. ఈ రెంటిలో ఏదో ఒకటి లేని దొంగ ఉత్తరం దాదాపు ఉండదు.

ఇవన్నీ హైదరాబాదు, బెంగుళూరులాంటి పట్నాల గొడవలు, మనకెందుకు అనుకోవద్దు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం... మూడూ 42వ నంబరు జాతీయ రహదారి మీది ఊళ్ళే. ఈ దారి పొడుగునా ఆడవాళ్ళ ఖాతాల్లో పడే డబ్బు ఎంత రకమో చూడండి. టమోటా మండీ డబ్బు, పాల డబ్బు, పొదుపు సంఘం అప్పు, కువైట్ నుంచి వచ్చేది, బెంగుళూరులో ఉద్యోగం చేసే పిల్లలు పంపేది, పింఛను. ఒకప్పుడు ఇవన్నీ పోపుల డబ్బాలోనో, బీరువాలో చీర మడతలోనో ఉండేవి. ఇప్పుడు ఫోనులో ఉన్నాయి. దొంగ గోడ దూకాల్సిన పని లేదు. ఒక ఉత్తరం రాస్తే చాలు.

రకరకాల సైబర్ మోసాల్లో దేశం మొత్తం మీద జనం పోగొట్టుకున్న సొమ్ము 2023లో 7,465 కోట్ల రూపాయలైతే, 2024లో అది 22,845 కోట్లని కేంద్ర హోంశాఖ 2025లో పార్లమెంటుకు చెప్పింది. ఒక్క ఏడాదిలో మూడింతలు! దీనిలో ఫిషింగ్ ఒక భాగమే. కానీ మిగతా మోసాలకు కూడా చాలాసార్లు తలుపు తెరిచేది ఇలాంటి ఉత్తరమే.

అచ్చుతప్పుల కాలం పోయింది

దొంగ ఉత్తరాల్లో భాష తప్పుగా ఉంటుందని, స్పెల్లింగులు చూసి పట్టుకోవచ్చని ఇదివరకు చెప్పేవారు. నేనూ అదే నమ్మేదాన్ని. ఇప్పుడు ఆ సలహా చెల్లదు. కృత్రిమ మేధ వచ్చాక, తెలుగు ముక్క రానివాడు కూడా నిమిషంలో తప్పులేని తెలుగు ఉత్తరం రాయించుకోగలడు. బ్యాంకు గుర్తు, రంగులు, కింద మేనేజరు సంతకం... వీటిలో ఏదీ దాచిపెట్టిన వస్తువు కాదు. బ్యాంకు వెబ్‌సైటు నుంచి ఎవరైనా తీసుకుని అతికించుకోవచ్చు. కాబట్టి ఉత్తరం అందంగా ఉందా లేదా అన్నది వదిలేయండి. చూడాల్సింది ఊరు పేరు!

ముద్ర చూసేవాళ్ళం, గుర్తుందా?

ఇన్‌లాండ్ లెటర్ల రోజులు గుర్తు చేసుకోండి. కవరు వెనకాల 'ఫ్రం' అని ఎవరి పేరైనా రాసుకోవచ్చు. కానీ స్టాంపు మీద పడిన పోస్టాఫీసు ముద్ర చూస్తే అసలు ఏ ఊళ్ళో డబ్బాలో వేశారో తెలిసిపోయేది. ఈమెయిలూ అంతే. పైన పెద్ద అక్షరాల్లో కనిపించే పేరు, పంపేవాళ్ళు తమంతట తాము రాసుకున్నదే. ఆ పేరు మీద వేలితో ఒకసారి తాకండి. దాని కింద అసలు చిరునామా విచ్చుకుంటుంది. పేరేమో పెద్ద బ్యాంకుది, చిరునామా చూస్తే ఊరూ పేరూ లేని అక్షరాల గంప, లేదా ఎవరైనా ఉచితంగా తెరుచుకోగలిగే మామూలు జీమెయిలు ఖాతా... అలా ఉంటే ఇక చదవనక్కర్లేదు. ఏ బ్యాంకూ జీమెయిలు ఖాతా నుంచి ఖాతాదార్లకు ఉత్తరాలు రాయదు.

మరి చిరునామా కూడా సరిగ్గానే ఉంటే? అప్పుడూ పూర్తిగా నమ్మకూడదు. ఎందుకంటే ముద్రను కూడా దొంగ ముద్ర వేయగల మాయగాళ్ళున్నారు. 2020 జూన్‌లో, కరోనా భయం ఇళ్ళలో కమ్ముకుని ఉన్నప్పుడు, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ 'సెర్ట్-ఇన్' ఒక హెచ్చరిక చేసింది. ప్రభుత్వానిదే అనిపించే చిరునామాతో, ఉచితంగా కరోనా పరీక్షలు చేస్తామంటూ దొంగ ఈమెయిళ్ళు రాబోతున్నాయని! వాళ్ళు గురిపెట్టిన నగరాల్లో ఢిల్లీ, ముంబయి, చెన్నై, అహ్మదాబాదుతో పాటు మన హైదరాబాదు కూడా ఉంది. స్టేట్ బ్యాంకు కూడా తన ఖాతాదార్లను అప్పుడే హెచ్చరించింది. దొంగల దగ్గర 20 లక్షల మంది ఈమెయిలు చిరునామాలు ఉన్నాయన్నది అప్పటి సమాచారం.

కాబట్టి ముద్ర తప్పుగా ఉంటే అది దొంగ ఉత్తరమని తేలిపోతుంది. ముద్ర సరిగ్గా ఉన్నంత మాత్రాన నిజమైన ఉత్తరమని తేలదు. రెండో మెట్టు ఎక్కాల్సిందే.

బస్సు బోర్డు చదవడం వస్తే చాలు

రెండో మెట్టు ఏమిటంటే, 'ఇక్కడ నొక్కండి' అన్నది మనల్ని ఏ ఊరికి తీసుకెళుతుందో చూడటం. నొక్కకుండానే చూడొచ్చు. కంప్యూటరులో అయితే బాణం గుర్తును దాని మీద ఊరకే పెడితే అడుగున చిరునామా కనిపిస్తుంది. ఫోనులో వేలిని దాని మీద కొంచెంసేపు అదిమి పట్టుకుంటే చూపిస్తుంది. పొరపాటున తెరుచుకుపోతుందేమో అని భయమైతే ఆ పని కూడా వద్దు, ఉత్తరం మూసేయండి.

కనిపించిన ఆ పొడుగాటి చిరునామాను ఎలా చదవాలి? మదనపల్లె బస్టాండులో నిలబడిన ఏ ఆడమనిషికైనా ఈ విద్య వచ్చు! బస్సు బోర్డు మీద పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం అని వరుసగా రాసి ఉంటుంది. మొదటి పేరు పుంగనూరు కాబట్టి బస్సు పుంగనూరులో నిలిచిపోతుందా? లేదు. చిట్టచివరి పేరే అది చేరే ఊరు. వెబ్ చిరునామా కూడా అంతే. ముందు వచ్చే జంట ఏటవాలు గీతల్ని వదిలేయండి. ఆ తర్వాత మొట్టమొదటి ఒంటి ఏటవాలు గీత ఎక్కడుందో చూడండి. దానికి సరిగ్గా ముందున్న చివరి మాటలే అసలు ఊరు. ఎడమవైపు వచ్చే పేర్లన్నీ వయా పుంగనూరు, వయా పలమనేరు లాంటివి. ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. మీ బ్యాంకు పేరు ముందే కనిపించినా, చివర 'ఏదో డాట్ కామ్' అని ఉంటే ఆ బస్సు దొంగ ఊరికే పోతుంది. ఒంటి గీత తర్వాత బ్యాంకు పేరు ఎన్నిసార్లు కనిపించినా లెక్కలోకి తీసుకోవద్దు. అవి ఆ ఊళ్ళోని వీధి పేర్లు మాత్రమే.

ఈ బోర్డు చదవడం సులువు కావాలనే రిజర్వు బ్యాంకు ఒక మంచి పని చేసింది. దేశంలోని బ్యాంకుల వెబ్‌సైట్లన్నీ 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే చివరి పేరుకు మారాలని 2025 ఏప్రిల్‌లో ఆదేశించి, ఆ ఏడాది అక్టోబరు 31 దాకా గడువిచ్చింది. స్టేట్ బ్యాంకు 'ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అయింది. ఐసీఐసీఐ, హెచ్‌డీఎఫ్‌సీ లాంటివీ అలాగే మారాయి. ఈ చివరి పేరును డబ్బిచ్చి ఎవరు పడితే వారు కొనుక్కోలేరు. దాన్ని కేటాయించే అధికారం ఒకే ఒక్క సంస్థకు ఉంది. అది రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ. ఎక్కడుందో తెలుసా? మన హైదరాబాదులో, మాసాబ్ ట్యాంక్ దగ్గర!

అయితే దొంగలు చేతులు కట్టుకుని కూర్చోరు కదా. 'బ్యాంక్ డాట్ ఇన్' తర్వాత మరో చుక్క పెట్టి ఇంకో పేరు తగిలించినా, చుక్క ఉండాల్సిన చోట అడ్డగీత పెట్టినా అది వేరే ఊరు. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో 'ఆర్', 'ఎన్' పక్కపక్కన రాస్తే 'ఎమ్'లా కనిపిస్తుంది. 'ఓ'కు బదులు సున్నా పెడితే కళ్ళు పట్టుకోలేవు. సాయంత్రం పూట, కళ్ళజోడు లేకుండా ఇవన్నీ చూడగలమా? అందుకే అన్నిటికంటే సులువైన సూత్రం ఇంకొకటి ఉంది. ఉత్తరంలో వచ్చిన దారిలో వెళ్ళనే వద్దు. బ్యాంకుతో నిజంగా పని ఉందనిపిస్తే, మీ ఫోనులో ముందునుంచీ ఉన్న బ్యాంకు యాప్ మీరే తెరవండి, లేదా బ్రాంచికి వెళ్ళండి. ఉత్తరం నిజమైనదైతే ఆ సంగతి అక్కడా తెలుస్తుంది. అబద్ధమైతే మీరు పోగొట్టుకున్నదేమీ లేదు.

ఇరవై నాలుగు గంటల్లో ఏమీ మునిగిపోదు

నన్ను కంగారుపెట్టింది ఆ '24 గంటలు' అన్న మాట. తర్వాత నిబంధనలు తెలుసుకుంటే నవ్వొచ్చింది. మామూలు ఖాతాదార్లలో ఎక్కువమందిని బ్యాంకులు తక్కువ రిస్కు ఉన్నవారిగా లెక్కిస్తాయి. అలాంటివారు కేవైసీని పదేళ్ళకోసారి సరిచూపించుకుంటే చాలు. పైగా 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇంకో మాట స్పష్టం చేసింది. గడువు తేదీకి ముందు బ్యాంకు కనీసం మూడుసార్లు తెలియజేయాలి, అందులో ఒకసారైనా కాగితం మీద ఉత్తరం రాయాలి. గడువు దాటాక మళ్ళీ మూడుసార్లు గుర్తు చేయాలి, అందులోనూ ఒకటి ఉత్తరమే కావాలి. వివరాలేమీ మారకపోతే 'మార్పు లేదు' అని మనం రాసిస్తే సరిపోతుంది.

అంటే ఏమిటన్నమాట? ఇంటికి పోస్టుమ్యాను తెచ్చిన ఉత్తరమేదీ లేకుండా, ఉరుము లేని పిడుగులా '24 గంటల్లో ఖాతా బందు' అని ఫోనులోకి వచ్చిందంటే తొందర బ్యాంకుది కాదు. మన ఆలోచనకు వ్యవధి ఇవ్వకూడదన్న తొందర దొంగది.

ఓటీపీ నిజమైనదే... అక్కడే ఉంది మోసం

పుంగనూరులో మా పిన్ని ఉంది. ముప్ఫై అయిదేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయింది. ఆ మధ్య ఆవిడకు 'మీ కార్డు మీద ఉన్న రివార్డు పాయింట్లు ఈ రాత్రితో రద్దవుతాయి, వెంటనే నగదుగా మార్చుకోండి' అని ఈమెయిలు వచ్చింది. నొక్కింది. బ్యాంకు పేజీలాంటి పేజీ తెరుచుకుంది. కార్డు నంబరు అడిగితే వేసింది. వెంటనే ఫోనుకు ఓటీపీ వచ్చింది. అది నిజంగా ఆమె బ్యాంకు నుంచి వచ్చిన ఓటీపీనే! ఎప్పుడూ వచ్చే పేరుతోనే వచ్చింది. ఎవరికైనా నమ్మకం కుదిరిపోదూ?

ఇక్కడే కిటుకు ఉంది. మనం దొంగ పేజీలో ఒక్కో వివరం వేస్తుంటే, అవతల దొంగ అదే వివరాన్ని అదే క్షణంలో అసలు చోట వేస్తుంటాడు. మన నంబరుతో తను ఏదో కొంటున్నాడు. కాబట్టి అసలు బ్యాంకు మనకు అసలు ఓటీపీ పంపుతుంది. వాడికి తక్కువైంది ఆ ఆరంకెలే. వాటిని మనచేత ఆ పేజీలో వేయించుకుంటే పని అయిపోయినట్టే.

మా పిన్ని వేయలేదు. పేపర్లు దిద్దిన అలవాటు కదా, ఏ వాక్యమైనా చివరిదాకా చదవందే వదలదు. మెసేజిలో అంకెల పక్కన 'ఇరవై నాలుగు వేల చిల్లర కొనుగోలు నిమిత్తం' అని ఉంది.

"పాయింట్లు ఇచ్చేవాడు నా దగ్గర ఇరవై నాలుగు వేలు తీసుకునేదేందే? వాడు నాకు ఇస్తాండాడా, నా దగ్గర గుంజుకుంటాండాడా? ఫోను పక్కన పడేసి నీకు చేసినా" అంది.

మనలో చాలామంది ఓటీపీ వస్తే మెసేజి తెరవం. పైన గీతలో కనిపించిన అంకెలు చూసి గబగబా కొట్టేస్తాం. అది దేనికోసం వచ్చిందో, ఎంత మొత్తానికో ఆ మెసేజిలోనే రాసి ఉంటుంది. చదవడానికి పట్టేది అయిదు సెకన్లు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి ఓటీపీ గానీ, యూపీఐ పిన్ గానీ అక్కర్లేదు. అవి పోవడానికే కావాలి.

రివార్డు పాయింట్ల ఎర మీద 2024లో స్టేట్ బ్యాంకు కూడా ప్రకటన చేసింది. తాము ఎస్సెమ్మెస్‌లో గానీ, వాట్సాప్‌లో గానీ ఇలాంటి లింకులు, 'ఏపీకే' ఫైళ్ళు పంపమని చెప్పింది. ఏపీకే అంటే ఫోనులోకి కొత్త యాప్‌ను దించే ఫైలు. ఉత్తరంతో జతగా వచ్చిన అలాంటి ఫైలును తెరిచి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే మన మెసేజిలు దొంగ కూడా చదువుకోగలడు. ఇక ఓటీపీ కోసం మనల్ని అడగాల్సిన పని కూడా వాడికి ఉండదు.

కుప్పంలో నాలుగు రోజులు

ఇంతవరకు తప్పించుకున్నవాళ్ళ సంగతి. అందరికీ కుక్కరు కూత వేయదు, అందరూ పేపర్లు దిద్దిన టీచర్లూ కారు. మా చిన్న ఆడపడుచు కుప్పంలో ఉంటుంది. ఆయన పొద్దున్నే రైలెక్కి బెంగుళూరు పనికి పోయి రాత్రికి వస్తాడు. పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు, పిల్లవాడి కాలేజీ ఫీజుకని ఖాతాలో పెట్టుకుంది. పాన్ నంబరు జతచేయకపోతే ఖాతా ఆగిపోతుందని ఈమెయిలు. నొక్కింది, అడిగినవన్నీ వేసింది. పది నిమిషాల్లో 38 వేలు పోయాయి.

ఆమె నాకు ఫోను చేసింది నాలుగో రోజు.

"ఆయనకు చెప్తే ఏమంటాడో అని గమ్మునుండిపోయినా వదినా. ఎట్లన్నా తిరిగొస్తాయేమో అనుకుంటి. రాత్రిళ్ళు నిద్ర లేదు. దుడ్లు పోయిందానికంటే, అందరూ ఏమంటారో అని బెదురుగా ఉండాది" అని ఏడ్చింది.

ఆ నాలుగు రోజుల్లో ఏం జరిగిందో తెలుసా? దొంగ తన సొంత ఖాతాలో డబ్బు వేసుకోడు. కమీషన్ ఆశతో ఎవరో అద్దెకిచ్చిన ఖాతాలోకి ముందు పంపిస్తాడు. అక్కడినుంచి ఇంకో ఖాతాకు, మరో ఖాతాకు... చివరికి ఏదో ఏటీఎంలో నోట్లయిపోతుంది. (మీ పిల్లల్ని ఎవరైనా 'నీ ఖాతా వాడుకోనివ్వు, డబ్బిస్తాం' అంటే ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పండి. ఆ పిల్లలే రేపు కేసులో ఇరుక్కుంటారు.) డబ్బు మొదటి ఖాతాలోనో, రెండో ఖాతాలోనో ఉన్నప్పుడు మనం ఫిర్యాదు చేస్తే అక్కడే ఆపే వీలుంటుంది. అందుకే 1930 అనే నంబరు పెట్టారు. దేశంలో ఎక్కడినుంచైనా చేయొచ్చు. 2021లో ఈ ఏర్పాటు మొదలైనప్పటి నుంచి 2025 మధ్యనాటికి ఇలా ఆపగలిగిన సొమ్ము 5,400 కోట్ల రూపాయలకు పైనే. గంటలో చేసిన ఫిర్యాదుకు, నాలుగు రోజులకు చేసిన ఫిర్యాదుకు ఎంత తేడానో వేరే చెప్పాలా?

మా ఆడపడుచు కాలేజీ చదివింది. సంఘం లెక్కలన్నీ తనే రాస్తుంది. ఆమెకు తెలివి లేక నాలుగు రోజులు ఆగలేదు. భయపడి ఆగింది. దొంగ ఆమె దగ్గర తీసుకున్నది పది నిమిషాలే. మిగిలిన నాలుగు రోజుల వ్యవధీ వాడికి ఇచ్చింది మన ఇళ్ళే. 'చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదా?', 'నీకెందుకు ఈ ఫోను వ్యవహారాలు?' అని మనం అలవాటుగా అనే మాటలు దొంగకు కాపలా కాస్తున్నాయి. మగవాళ్ళు మోసపోవడం లేదా? ఇంజనీర్లు, రిటైరైన అధికారులు కూడా పోగొట్టుకుంటున్నారు. అప్పుడు 'మోసగాళ్ళు ముదిరిపోయారు' అంటాం. ఆడది పోగొట్టుకుంటే మాత్రం 'తెలివితక్కువది' అంటాం!

కుప్పం ఆడవాళ్ళకు ఇవన్నీ ఎక్కడ అర్థమవుతాయి అనేవాళ్ళకు ఒక పాత సంగతి చెప్పాలి. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో 'ఐ-కమ్యూనిటీ' అనే పథకం మొదలుపెట్టింది. అందులో పొదుపు సంఘాల మహిళలు కొందరు డిజిటల్ కెమెరా, ఎండతో ఛార్జయ్యే ప్రింటరు పట్టుకుని ఊళ్ళలో ఫొటోలు తీసి సంపాదించారు. మన పట్నాల్లోనే చాలా ఇళ్ళు డిజిటల్ కెమెరా ముఖం చూడని రోజులవి! నేర్పితే రానిదేమీ లేదు. ఫోనులో ఏది నొక్కాలో పిల్లలు మనకు నేర్పారు. ఎప్పుడు నొక్కకూడదో ఎవరూ నేర్పలేదు, అంతే.

చట్టం ఎవరివైపు?

'నువ్వే కదా వివరాలిచ్చావు, ఇక చేసేదేముంది' అనే మాట కూడా పూర్తి నిజం కాదు. ఇతరుల పేరుతో నటించి కంప్యూటరు ద్వారా మోసం చేస్తే ఐటీ చట్టం 66-డి సెక్షను కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి.

ఇక డబ్బు సంగతి. 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఖాతాదారు తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మూడోవాళ్ళ వల్ల డబ్బు పోయి, మూడు పనిదినాల్లో తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండకూడదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంతవరకే భరించాలి. రహస్య వివరాలు మనమే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మనది. తెలియజేసిన తర్వాత జరిగినది బ్యాంకుది. ఎలా చూసినా, మనం నోరు విప్పిన క్షణం నుంచే మన పక్షాన లెక్క మొదలవుతుంది.

కుప్పానికి పొరుగునే ఉన్న తమిళనాడులో ఒక కేసు జరిగింది. అబుదాబీలో పనిచేసే ఒకాయనకు తూత్తుకుడిలో ఒక ప్రైవేటు బ్యాంకు ఖాతా ఉంది. 2007లో బ్యాంకు పేరుతో వచ్చిన ఈమెయిలుకు వివరాలిచ్చి, ఆరు లక్షల పైచిలుకు పోగొట్టుకున్నాడు. 'పాస్‌వర్డ్ నువ్వే ఇచ్చావు, మా బాధ్యత లేదు' అంది బ్యాంకు. ఆయన ఊరుకోలేదు. ఐటీ చట్టం కింద విచారణ జరిపే అధికారి దగ్గరికి వెళ్ళాడు. తగిన జాగ్రత్తలు బ్యాంకు తీసుకోలేదంటూ, వడ్డీ ఖర్చులతో కలిపి 12 లక్షల 85 వేల రూపాయలు చెల్లించాలని 2010 ఏప్రిల్‌లో ఆ అధికారి ఆదేశించాడు. అన్ని కేసులూ ఇలాగే ముగుస్తాయని కాదు. కానీ అడిగినవాళ్ళకే ఆ దారి తెరుచుకుంటుంది. ప్రతి రాష్ట్రంలోనూ ఐటీ శాఖ కార్యదర్శే ఆ విచారణాధికారి.

పొరపాటు జరిగిన క్షణంలో...

ముందు 1930కి ఫోను చేయండి. ఏ బ్యాంకు, ఏ ఖాతా, ఎంత మొత్తం, ఎన్ని గంటలకు, మెసేజిలో వచ్చిన లావాదేవీ నంబరు ఏమిటి అని అడుగుతారు. వాళ్ళిచ్చిన ఫిర్యాదు నంబరు రాసుకుని, 'సైబర్‌క్రైమ్ డాట్ జీఓవీ డాట్ ఇన్'లో వివరాలు నింపండి. వెనువెంటనే బ్యాంకుకు చెప్పి కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. బ్యాంకు నంబరు కోసం గూగుల్‌లో వెతకొద్దు, అక్కడా దొంగ నంబర్లుంటాయి. మీ ఏటీఎం కార్డు వెనకాలే అచ్చయి ఉంటుంది. పాస్‌వర్డ్ మార్చండి. ఆ దొంగ ఉత్తరాన్ని కోపంలో చెరిపేయకండి, పోలీసులకు అదే సాక్ష్యం.

ఇంకొక్క మాట. ఖాతా మీ పేరు మీద ఉండి, దానికి జతచేసిన ఫోను నంబరు మీవారిదో అబ్బాయిదో అయితే, డబ్బు పోయిన మెసేజి ముందు మీకు రాదు. ఈ వారమే బ్యాంకుకు వెళ్ళి మీ నంబరు జతచేయించుకోండి. మన డబ్బు కదలిక మన చేతిలోని ఫోనుకు తెలియాలి కదా!

మా ఆడపడుచు ఫిర్యాదు ఇచ్చింది. కేసు నడుస్తోంది. డబ్బు తిరిగొస్తుందో లేదో చెప్పలేం. అన్నయ్యను వెంటబెట్టుకుని ఇంట్లో చెప్పినప్పుడు, అనుకున్నంత రభస జరగలేదట. మావారి బావ కాసేపు మౌనంగా కూర్చుని, "మొదటి రోజే చెప్పుంటే బాగుండు కదా" అన్నాడట. ఆ ఒక్క మాట అనగలిగే ఇల్లు అని ఆమెకు ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేది!

మా వంటింట్లో క్యాలెండరు మీద గ్యాసు బుకింగు నంబరు, పాలవాడి లెక్క పక్కన ఇప్పుడు 1930 అని ఎర్ర పెన్నుతో రాసి ఉంది. రాసినప్పుడు పిల్లల్ని, మావారిని పిలిచి చెప్పాను. 'ఈ ఇంట్లో ఎవరు మోసపోయినా ముందు ఈ నంబరుకు ఫోను చేద్దాం. తిట్టుకోవడం తర్వాత చూసుకుందాం' అని. మీ క్యాలెండరు మీదా కాస్త చోటు ఉండే ఉంటుంది.